వేసవి పండ్ల రసము: ఇంట తీయుట, నిలువ యుంచుట

మామిడితోట గల ప్రతి కాపునకును ఈ సంగతి తెలిసినదే. మేలైన కాయను వర్తకుడు ఏరి తీసికొని పోవును. మచ్చపడినది, పరిమాణము చాలనిది, గాలివానకు రాలినది, కోతలో దెబ్బతినినది ఇంటి వసారాలో కుప్పపడును. మొదటి రెండు దినములు పిల్లలు తృప్తిగ తిందురు. మూడవనాడు చుట్టపక్కములకు గంపలు పోవును. నాలుగవనాడు ఈగలు ముసరును. ఐదవనాడు మిగిలినదంతయు పెంటకుప్పకు చేరును. చీనీ, పుచ్చ, కర్బూజ మొదలగువాని గతియు నిట్టిదే. నీరు పెట్టి, ఎరువు వేసి, కావలి కాచి పండించిన సరకులో ఈ భాగమునకును మనము వ్యయము పూర్తిగనే చేసితిమి. రాబడి మాత్రము సున్న.

ఇంట రసము తీసినంతమాత్రమున అంగడిలో పడిపోయిన ధర లేచునని ఎవ్వరును భ్రమపడరాదు. 2025 వ సంవత్సరపు వేసవిలో చిత్తూరు ప్రాంతమున తోతాపురి కాయ ధర క్రుంగిపోగా, ప్రభుత్వము కిలోకు 4 రూపాయల చొప్పున రైతునకు సహాయము ప్రకటింపవలసి వచ్చెను. గుజ్జు కర్మాగారముల వాకిట లారీలు బారులు తీరిన అట్టి సమయమున కాయనంతయు ఏ గృహిణియు సీసాలలోనికి దింపజాలదు. అది సంఘములును, కర్మాగారములును, ప్రభుత్వమును చూడవలసిన పని. కాని వసారాలోని నాలుగు గంపలను రక్షించుట మన ఇంటి పని. ఈ వ్యాసము ఆ నాలుగు గంపలను గూర్చి వ్రాయబడినది.

రసము ఏల చెడును?

పండు చెట్టున నున్నంత కాలమును, కోసిన పిమ్మట కొంత కాలమును, దాని తోలే దానికి కావలి. గాలిలోను, మట్టిలోను, మన చేతులమీదను కంటికి కానరాని సూక్ష్మక్రిములు అసంఖ్యాకముగ కలవు. తోలు చెక్కుచెదరనంత వఱకు అవి లోనికి పోజాలవు. మనము కత్తి పెట్టి కోసి, పిండి, వడియగట్టిన క్షణముననే ఆ కావలి తొలగిపోవును. తీపియు తడియు కలిగి, వెచ్చని గాలికి తెఱచియుంచిన రసము సూక్ష్మక్రిములకు విందు వంటిది. కావున పండునకు తోలు చేసిన కాపుదలను రసము తీసినవారే చేయవలయును. ఈ యొక్క మాట మనసున నిలిచినచో తక్కిన నియమములన్నియు తమంతట బోధపడును.

ఆ కాపుదల మూడు విధములు. చల్లదనము సూక్ష్మక్రిముల ఎదుగుదలను మందగింపజేయును, వానిని చంపదు. వేడి వానిని చంపును. పులుపును పంచదారయు తగిన పాలున కలిసినచో వానికి అచ్చట బ్రతుకు దుర్భరమగును. ఫ్రాన్సు దేశస్థుడగు నికొలా అపేరు ఆహారమును సీసాలలో మూసి వేడినీట కాచి నిలువచేయు పద్ధతిని 1810లో గ్రంథరూపమున ప్రకటించెను. అట్లేల నిలుచునో ఆయనకు తెలియదు. ద్రాక్షసారాయము పులియుటకును చెడుటకును సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చరు పండితుడు 1860 తరువాతి సంవత్సరములలో నిరూపించెను. అమెరికాలో థామసు వెల్చి యను దంతవైద్యుడు, దేవాలయములో ప్రభువు సంస్కారమునకు పులియని ద్రాక్షరసము కావలెనని తలచి, 1869లో పాశ్చరు మార్గము ననుసరించి రసమును సీసాలలో వేడిచేసి నిలువ యుంచెను. నేడు మన వంటయింట చేయబోవు పనియు ఆ జాతిలోనిదే.

పండ్లను ఎంచుట

మచ్చ వేఱు, క్రుళ్లు వేఱు. తోలుమీది మచ్చ, గీత, ఎండ దెబ్బ రసమునకు అడ్డు కావు. ఒకచోట నలిగిన పండును ఆ భాగమునకు చుట్టును ధారాళముగ కోసివేసి వాడవచ్చును. బూజు పట్టిన మెత్తని పండును మాత్రము మొత్తముగ పాఱవేయవలెను; బూజు పైకి కనబడు మేరకే యుండక లోనికిని వ్యాపించియుండును. గబ్బిలమో ఉడుతయో కొఱికిన పండును ఎన్నడును వాడరాదు. 2018లో కేరళమున నీపా జ్వరము పొడసూపినపుడు వైద్యాధికారులు ఈ హెచ్చరికనే చేసిరి. తోటలో మందు చల్లినచో, డబ్బాపై వ్రాసిన నిరీక్షణ దినములు గడచువఱకు ఆ చెట్ల పండ్లను రసమునకు తీయరాదు.

మామిడిని వరిగడ్డిలో మాగవేయుట మన పెద్దల పద్ధతి. అది నేటికిని ఉత్తమము. కార్బైడుతో మాగవేయుటను చట్టము నిషేధించినది. 2011 నాటి ఆహార నియమములలో ఈ నిషేధము స్పష్టముగ కలదు. కాయ కోసిన వెంటనే తొడిమ విఱిచి, తలక్రిందుగ నుంచి సొన కార్చవలెను. సొన తోలుపై ఎండినచో మచ్చపడును. రసములో కలిసినచో నోరును గొంతును దురదపెట్టును.

ఏ పండునైనను కోయుటకు ముందే కడుగవలెను. పుచ్చకాయ తోలు తినము గదా యని కడుగక కోయువారు పెక్కండ్రు. నేలమీద పండిన ఆ కాయ తోలునంటిన మట్టిని కత్తియే లోపలి గుజ్జులోనికి తీసికొనిపోవును. శుభ్రమైన పాఱు నీట చేతితో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడిచిన పిమ్మటనే కోయవలెను.

పాత్రలు, నీరు, మంచు

పుల్లని రసమును రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు. పులుపు లోహమును కరగించి రసమును విషప్రాయము చేయును; అదిగాక రాగి సోకినచో రసములోని సి విటమిను త్వరగా నశించును. అల్యూమినియము గిన్నెలును నిలువకు పనికిరావు. స్టీలు గిన్నెలు, గాజు సీసాలు, మెఱుగుపెట్టిన పింగాణి జాడీలు శ్రేష్ఠములు.

రసములో కలుపు నీరు తెరలకాచి చల్లార్చినదై యుండవలెను. మంచుగడ్డ యగుటచేత నీరు శుద్ధి కాదు. సూక్ష్మక్రిములు చాలవఱకు గడ్డలో చావక నిద్రించి, కరగగానే మేల్కొనును. అంగడిలో చేపలకు వాడు మంచు త్రాగుటకు తగినది కాదు. కాచిన నీటిని ఇంటి ఫ్రిజ్జులో గడ్డకట్టించి వాడుకొనుట మేలు. ఫ్రిజ్జు లేనిచో కాచిన నీటిని మూతగల క్రొత్తకుండలో చల్లబఱచి వాడవచ్చును. వడియగట్టు గుడ్డను ప్రతిసారియు కాచిన నీట నుడికించి ఎండలో ఆరవేయవలెను.

వెంటనే త్రాగవలసిన రసములు

పుచ్చ, కర్బూజ: గింజలు తీసి, గుజ్జును మిక్సీలో క్షణకాలము త్రిప్పి, జల్లెడలో వడియగట్టి, నిమ్మరసము పిండి, చిటికెడు ఉప్పు వేసి త్రాగవలెను. పంచదార అవసరము లేదు. ఈ రెండు పండ్లలోను పులుపు మిక్కిలి తక్కువ. తీసిన గంటలోపల త్రాగుట నియమము. ఫ్రిజ్జులో పెట్టినను ఆ దినమును దాటనీయరాదు.

చీనీ: దీనినే కొందఱు బత్తాయి యందురు. తోలు ఒలిచి, తొనల మధ్యనుండు తెల్లని నారను గింజలను తీసివేసి మెల్లగ పిండవలెను. గింజలు నలిగినచో రసము చేదగును. జాగ్రత్తగ పిండినను, చీనీరసమును నిలువ యుంచినకొలది చేదు పుట్టును; పొరలలోను గింజలలోను ఉండు ఒక పదార్థము పులుపు తగిలి లిమోనిను అను చేదు వస్తువుగ మాఱుటయే దీనికి హేతువు. కావున చీనీని పండుగ నిలువ యుంచి, త్రాగునప్పుడు పిండుకొనుట యుక్తము.

పచ్చిమామిడి పానకము: గాలికి రాలిన పచ్చికాయకు ఇంతకన్న మంచి వినియోగము లేదు. నాలుగు కాయలను మెత్తబడువఱకు ఉడికించి, తోలును టెంకను తీసి గుజ్జును పిసుకవలెను. పావుకిలో గుజ్జునకు పావుకిలో బెల్లము, లీటరుకు పైచిలుకు చల్లార్చిన నీరు, చెంచాడు వేయించిన జీలకఱ్ఱ పొడి, తగినంత ఉప్పు చేర్చి వడియగట్టవలెను. బెల్లమును ముందు నీట కరగించి కాచి, మడ్డి తేరనిచ్చి వాడుట మంచిది. శ్రీరామనవమి పానకము త్రాగిన నాలుకకు దీని రుచి క్రొత్తగ తోచదు. ఎండలో పనిచేసి వచ్చినవారికి నీటిని ఉప్పును ఒక్కసారిగ నిచ్చును. ఇదియు ఆనాడే త్రాగి ముగింపవలసినది.

నిలువ యుంచదగిన షర్బతులు

నిలువకు ఎంచుకొనవలసినవి పుల్లని పండ్లు, లేక పులుపు చేర్చుటకు వీలైన పండ్లు. క్రింది రెండును మన ఇండ్లకు అనువైనవి. కొలతలు కంటితో చూచి వేయరాదు, తూచి వేయవలెను.

సీసాలను ముందుగ సిద్ధపఱచుకొనవలెను. పెద్ద గిన్నె అడుగున గుడ్డ పఱచి, కడిగిన సీసాలను నీటిలో ముంచి, నీరు తెరలినది మొదలు 15 నిమిషములు కాచి, శుభ్రమైన గుడ్డపై బోర్లించి ఆరనీయవలెను. బిరడాలను లేక మూతలను అట్లే శుద్ధిచేయవలెను.

మామిడి షర్బతు: నూజివీడు ప్రాంతపు చిన్నరసాలు, పెద్దరసాలు, చెఱకురసాలు ఇందులకు మిక్కిలి తగినవి, నార గలవైనను జల్లెడలో రుద్దినచో గుజ్జు సులభముగ దిగును. రెండు కిలోల పండ్లకు సుమారు ఒక కిలో గుజ్జు వచ్చును. గుజ్జు 1 కిలో, పంచదార 1 కిలో 200 గ్రాములు, నీరు 800 మిల్లీలీటర్లు, అంగళ్లలో నిమ్మ ఉప్పు అని అమ్ము సిట్రికు ఆమ్లము 30 గ్రాములు తీసికొనవలెను. నీటిలో పంచదారయు నిమ్మ ఉప్పును వేసి, కరగి ఒక పొంగు రాగానే దింపి, గుడ్డలో వడియగట్టి చల్లార్చవలెను. గుజ్జును వేఱుగ స్టీలు గిన్నెలో అడుగంటకుండ కలుపుచు 85 డిగ్రీల వఱకు వేడిచేసి, అయిదు నిమిషములు ఆ వేడిలోనే యుంచి చల్లార్చవలెను. పిమ్మట రెండును కలుపవలెను. సుమారు మూడు కిలోల షర్బతు అగును. త్రాగునప్పుడు ఒక పాలు షర్బతునకు మూడు పాళ్లు చల్లని నీరు చేర్చవలెను.

ఇందు నిమ్మ ఉప్పు రుచికొఱకే యని తలచి కొందఱు తగ్గించుట కలదు. అది ప్రమాదము. బాగుగ మాగిన రసపు పండులో తీపి హెచ్చి పులుపు క్షీణించును. ఆ కొఱతను నిమ్మ ఉప్పు తీర్చును. పంచదారను తగ్గించినను నిలువ చెడును. బెల్లములో తేమయు మడ్డియు ఉండుటచే అది తాజా పానకమునకు మంచిదే కాని, నిలువ షర్బతునకు నమ్మదగినది కాదు.

నిమ్మ షర్బతు: నిమ్మ చవుకయైన దినములలోనే దీనిని చేసికొనవలెను. సుమారు మూడు కిలోల కాయలనుండి ఒక లీటరు రసము వచ్చును. తోలు నలిగి నూనె దిగునట్లు గట్టిగ పిండరాదు. రసము 1 లీటరు, పంచదార 1 కిలో 800 గ్రాములు, నీరు 1 లీటరు 200 మిల్లీలీటర్లు. పాకమును కాచి, వడియగట్టి, పూర్తిగ చల్లారిన పిమ్మట రసమును చేర్చవలెను. నిమ్మరసమును పొయ్యిమీద పెట్టరాదు. వాసన పోయి రుచి చెడును.

నిలువ మందు: ఈ రెండు షర్బతులును నెలలకొలది బయట నిలువవలెనన్నచో పొటాషియము మెటాబైసల్ఫైటు అను తెల్లని పొడిని కొద్దిగ చేర్చుట ఆచారము. దీనినుండి వెలువడు గంధకపు వాయువు సూక్ష్మక్రిములను అణచును. కిలో షర్బతులో ఈ వాయువు 350 మిల్లీగ్రాములకు మించరాదని నియమము కలదు. కిలో షర్బతునకు పొడి అరగ్రాము చాలును. మూడు కిలోలకు ఒకటిన్నర గ్రాము. మించిన మంచిదను ఊహతో చెంచాలతో వేయరాదు. బంగారము తూచునట్టి చిన్న త్రాసులో తూచి, రెండు చెంచాల నీట కరగించి, షర్బతు చల్లారిన పిమ్మటనే కలుపవలెను. వేడిలో కలిపినచో వాయువు ఎగిరిపోవును. పొడిని వాసన చూడరాదు. ఉబ్బసము గలవారికి ఈ మందు కలిపిన షర్బతు ఈయరాదు. నేరేడు, దానిమ్మవంటి రంగు రసములలో దీనిని వాడినచో రంగు వెలిసిపోవును.

మందు వాడుట కిష్టపడనివారు కొద్దిపాటి షర్బతు చేసి ఫ్రిజ్జులోనే యుంచి, రెండు మూడు వారములలో ముగింపవలెను.

సీసాను మూతివఱకు నింపక రెండంగుళముల లోపు ఖాళీ విడిచి, బిరడా బిగించి, చేసిన తేదీని చీటీపై వ్రాసి అంటించి, చీకటిగల చల్లనిచోట నుంచవలెను. తెఱచిన సీసాను ఫ్రిజ్జులో పెట్టవలెను. నురుగు లేచినను, బిరడా ఎగదన్నినను, పులిసిన వాసన వచ్చినను, ఆ సీసాను రుచి చూచి పరీక్షింపక పాఱబోయవలెను.

సీసాలలో నిలువ చేయరాని రసములు

పుచ్చ, కర్బూజ, చెఱకు, కొబ్బరినీరు, క్యారెట్టు, పాలు కలిపిన మామిడిరసము: వీనిని కాచి సీసాలలో బిగించి నిలువచేయుటకు ఇంట ఎన్నడును పూనుకొనరాదు. పులుపును కొలుచుటకు పి.హెచ్. అను సంఖ్య కలదు. ఈ సంఖ్య తగ్గినకొలది పులుపు హెచ్చు. నిమ్మరసమునకు ఇది రెండు ప్రాంతమున నుండును. పుచ్చరసమునకు అయిదు దాటును. 4.6 దీనికి సరిహద్దు. ఆ సంఖ్యకు పైబడిన రసమును గాలి చొఱకుండ మూసియుంచినచో బాట్యులిను అను ఘోరవిషమును పుట్టించు క్రిమి పెరుగ వీలు కలదు. దాని బీజములు తెరలు నీటి వేడికి చావవు. ఆ విషమునకు వాసనయు రుచియు నుండవు, ప్రాణమునకే ముప్పు. సరిహద్దునకు దిగువ ఆ క్రిమి పెరుగజాలదు. మామిడి షర్బతున నిమ్మ ఉప్పును తగ్గింపవలదని చెప్పుటకు కారణ మిదియే. టమాటా ఈ సరిహద్దుకు అటునిటుగ నుండు పండు. దాని రసమునకును పులుపు చేర్చక నిలువచేయరాదు.

ఎవరు, ఎంత త్రాగవచ్చును?

పండు తినుటకు రసము సాటి రాదు. నార పోయి చక్కెర మిగులును. పండ్లరసములోని చక్కెరను గూడ పరిమితి గల చక్కెరలలోనే లెక్కింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించెను. కావున పెద్దలకైనను పిల్లలకైనను దినమునకు ఒక చిన్న గ్లాసు చాలును. మధుమేహము గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే త్రాగవలెను. ఆఱు నెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప రసమేమియు పోయరాదు. విరేచనములగుచున్న బిడ్డకు తీపిరసములు హాని చేయును. అప్పుడు ఈయవలసినది ఓ.ఆర్.ఎస్. ద్రావణము.

లెక్క

ఇరువది కిలోల రసాల పండ్లనుండి పది కిలోల గుజ్జు వచ్చునని తలంచుదము. దానికి 12 కిలోల పంచదారయు, 300 గ్రాముల నిమ్మ ఉప్పును కావలెను. షర్బతు 30 కిలోలు, అనగా 750 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 33 అగును. ఒక్కొక్క సీసా నీరు కలిపిన పిమ్మట మూడు లీటర్లు, అనగా 15 గ్లాసులు. పండు మన ఇంటిదే కాని పంచదార, సీసాలు, వంటచెఱకు లేక గ్యాసు కొనవలసినవి. మీ ఊరి ధరలతో ఈ లెక్క వేసికొనిన పిమ్మటనే పనికి దిగుడు. మొదటి ఏడు రెండు కిలోల పండ్లతో ఆరంభించి చేయి అలవడనిండు. పంచదార ఖర్చు భారమని తోచినచో, గుజ్జును చాపలపై పొరలు పొరలుగ ఎండబెట్టి తాండ్ర చేయుట మనకు అనాదిగ వచ్చుచున్న మార్గము; గోదావరి తీరమున ఆత్రేయపురము తాండ్ర ఇందులకు ప్రసిద్ధము.

షర్బతును అమ్మదలచినవారు 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనవలెను. చేసిన తేదీ, కలిపిన వస్తువులు, నిలువ మందు పేరు చీటీపై వ్రాయవలెను. కృషివిజ్ఞాన కేంద్రములలో ఈ పనిని స్త్రీలకు నేర్పుచున్నారు.

సంఘ సభ్యులకు ఒక సూచన. ఉష్ణమాపకము, గ్రాములు తూచు త్రాసు, పెద్ద స్టీలు జల్లెడ, బిరడా బిగించు పరికరము: ఈ నాలుగును ఒక్కొక్క ఇల్లు కొనుట వ్యయము. సంఘము ఒక్క జత కొని, వంతులవారీగ ఇచ్చి పుచ్చుకొనునట్లు ఏర్పఱచినచో ఊరంతటికి చాలును. పంచదారను సీసాలను గూడ మొత్తముగ తెప్పించినచో చవుక పడును. ఈ విషయమును మామిడి కోతలకు ముందు జరుగు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని నా మనవి. కోతలు మొదలైన పిమ్మట తీరిక యుండదు. కాయ మనకొఱకు ఆగదు.